అవ్వ పొయ్యి దగ్గర ఎందుకు కూర్చుంది

మొన్న ఆదివారం ఒక పెద్దమనిషి చెప్పులు గుమ్మం బయట విడిచి, కోపం మాత్రం విడవకుండా మా ఇంట్లోకి వచ్చాడు. మా ఊళ్ళో ఫ్రెంచివాళ్ళుండే తెల్లవాళ్ళ పట్నంలో ఏదో కచేరీలో గుమాస్తా. ఆయన కూతురు నా తరగతిలో చదువుతుంది. "మా నాన్న" అని వ్యాసం రాసింది. నేను దాన్ని మూడుసార్లు తిప్పి పంపాను. పిల్ల అన్నం మానేసిందట. "ఒక్క తప్పు చూపించండమ్మా, చాలు," అన్నాడు. నిజమే, వెతికినా తప్పు దొరకదు. అక్షరాలు ముత్యాలు. కాకపోతే ఆ వ్యాసంలో తండ్రి రోజూ దీపం పెట్టే వేళకి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పాఠాలు చెబుతాడు. ఆ వేళకి ఈయన సముద్రపు గాలి పీలుస్తూ పేకముక్కలు పంచుతుంటాడని మా వీధిలో మేకలకు కూడా తెలుసు. నా తరగతిలో ఒక నియమం ఉంది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకే చదివి వినిపించి, కింద వాళ్ళ సంతకం తీసుకురావాలి. ఈయన పెట్టాడు. మూడుసార్లూ పెట్టాడు. గొలుసుకట్టు సంతకం, దాని కింద రెండు గీతలు. తనది కాని చొక్కా తొడుక్కుని అద్దంలో మురిసిపోయేవాళ్ళని చూశాను గానీ, ఆ చొక్కాకి రసీదు కూడా రాసిచ్చేవాణ్ణి ఈయన్నే చూశాను.

ఆయన వెళ్ళాక, వాదన గెలిచిన ఉత్సాహం చల్లారక, అటక మీది రేకుపెట్టె దింపించి అడుగునున్న ఒక కాగితం తీశాను. ఫ్రెంచిలో రాసిన వ్యాసం. రాసింది నేనే, పద్నాలుగేళ్ళప్పుడు. అంచున ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట: ఎందుకు? దాని మీద అడ్డంగా ఒక గీత. కింద ఒక బొటనవేలి ముద్ర. సిరాది కాదు, గిన్నె మసిది. ముప్ఫై ఏళ్ళయినా తాకితే వేలికి అంటుతుంది.

ఆ ఎర్ర సిరా మా లూర్దు మదాంది. తమిళ క్రైస్తవురాలు, మాకు ఫ్రెంచి వ్యాసం చెప్పేది. చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు, అది ఎండకి తక్కువా మాకు ఎక్కువా పనికొచ్చేది. మా బడిలో వ్యాసం అంటే అప్పటిదాకా బట్టీ. ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చిన వాచకంలో ఒక అవ్వ ఉండేది. బయట మంచు కురుస్తూ ఉంటే ఆమె చలిమంట పక్కన కూర్చుని ఊలు అల్లుతుంది. మదాం కొత్తగా వచ్చిన నెలలోనే "మా అవ్వ" గురించి రాయమంది. తరగతిలో అందరం రాశాం. ముదలియార్‌పేట నుంచీ సముద్రం ఒడ్డు కురుచికుప్పం దాకా ప్రతి ఇంటి ముందూ మంచు కురిసింది. చేపల వలలు బాగుచేసే ఇంటి పిల్ల కూడా వాళ్ళ అవ్వ చేత ఊలు అల్లించింది. మదాం కాగితాలన్నీ చదివి, గొడుగు బల్ల మీద పెట్టి, తమిళంలో అంది: "ఇంతమంది ముసలివాళ్ళని ఒక్క రోజులో చలికి చంపేశారే. పాపం తగలదా?"

ఆ తరవాత చెప్పింది తన పద్ధతి. ఈ ఊళ్ళో ఇల్లు కొన్నా అమ్మినా పెళ్ళి చేసుకున్నా నోటరీ ముందు కాగితం రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. మదాం వాళ్ళ నాన్న జీవితమంతా ఆ నోటరీ గదిలో కాగితాలు ఎత్తిరాసే గుమాస్తాగా గడిపాడు. "గోడకీ గొడ్డుకీ అంత జాగ్రత్త తీసుకుంటారు. మనిషి గురించి రాసేటప్పుడు వద్దా?" అంది. కాబట్టి రాసింది ఇంటికి పట్టుకెళ్ళి, ఎవరి గురించి రాశామో వాళ్ళకి మన భాషలో చెప్పి, వాళ్ళు ఔనంటే వేలిముద్ర వేయించుకు రావాలి. ముద్ర లేని వ్యాసం ఆమె దిద్దదు. తిరగరాయడమంటే అందంగా ఎత్తిరాయడం అనుకుని నలుగురు పిల్లలు అదే మంచుని ఇంకా గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చారు. వాళ్ళకి గొడుగు రుచి తెలిసింది.

మిగతా అందరూ మొదటి కాగితం మీదే మంచు కొట్టేశారు, చలిమంట కొట్టేశారు. నేను మంచు కొట్టేశాను గానీ మంట ఉంచాను. మదాం నన్ను లేపింది. "ఈ ఎండల్లో మీ అవ్వకి పొయ్యి దగ్గరేం పని?"

"నిజంగానే అక్కడే కూర్చుంటుంది మదాం."

ఆమె ఒక ఖాళీ కాగితం తీసి, దాని అంచున ఆ ఒక్క మాటా రాసింది. ఎందుకు. "దీనికి జవాబు రాసుకురా. నీ వ్యాసం అందులోనే ఉంది," అంది. ఎందుకో నాకు తెలుసు. ఊళ్ళో నాతో కలిపి ఇద్దరికే తెలుసు.

మా ఇల్లు ముదలియార్‌పేటలో. నాయన మిల్లులో బాయిలరు దగ్గర పని. ఆయన ఇంటికొస్తే ముందు బొగ్గు వాసన వచ్చేది, తరవాత మనిషి వచ్చేవాడు. మాట మాత్రం పంటినొప్పి వస్తేనే వచ్చేది. అమ్మ మాట్లాడేది గానీ గిన్నెలతో. ఇంట్లో మిగిలిన మాటలన్నీ అవ్వవి. ఆ ఇల్లు ఆమెది, ఆమె తల్లి ఇచ్చింది. ముందు రెండు గదులు, వాటి ముందు వీధి పొడుగునా అరుగు, అదీ ఆమె రాజ్యం. తెల్లారి మిల్లు కూత కూయగానే ముక్కుపొడుం డబ్బీతో అరుగెక్కేది. షిఫ్టుకి పోయే ప్రతివాణ్ణీ పలకరించేది, అంటే తిట్టేది. కురుచికుప్పం నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే అంజలై మొదట మా అరుగు మీదే గంప దించేది. అవ్వ ఒక చేప ఎత్తి దాని కళ్ళలోకి చూసి, "ఇది నా పెండ్లినాటి చేప. నన్ను గుర్తుపట్టింది చూడే," అనేది. అంజలై తమిళంలో ఏడు తరాలనీ తవ్వేది. ఇద్దరూ నవ్వుకుని బేరం ముగించేవాళ్ళు. పచ్చీసు ఆడేటప్పుడు గవ్వలు పైట కొంగులో దాచడం, ఓడిపోతే పొడుం కళ్ళలో పడిందని ఆట చెరపడం, ఫ్రెంచి పటాలంలో పనిచేసొచ్చిన పక్కింటి సిపాయి తాత సైగోను కథలు చెబుతుంటే సరిగ్గా తుపాకి పేలే చోట ఆవలించడం, ఇవన్నీ అరుగు మీది విద్యలు.

నాకు పదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం చిన్నాయన, అంటే అటు పక్కింట్లో ఉండే నాయన తమ్ముడు, ముద్రలు కొట్టిన ఒక కాగితంతో వచ్చాడు. నాయన మిల్లులో ఉన్నాడు. ఆడపిల్లకి ఫ్రెంచెందుకని ఏడాది పొడుగునా సణిగే మనిషి, ఆ పూట నా తల నిమిరాడు. "అమ్మా, పరాయోళ్ళతో ఎందుకు చదివించుకునేది? మన మంగ ఉండాది కదా. తెల్లోళ్ళ బాస దానికి నీళ్ళు తాగినట్టు," అన్నాడు. అవ్వ మొహం వెలిగింది. నన్ను బడికి పంపింది ఆమే, వీధి వీధంతా నవ్వుతున్నా వినకుండా. "చదవవే," అంది.

చదివాను. గడగడా చదివాను. బట్టీ చదువులో పలకడం నేర్పుతారు, అర్థం సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఆ కాగితంలో నాకు తెలిసినవి మూడు మాటలు: ఇల్లు, తల్లి, రెండు. మిగతాదంతా తుమ్మకంప. "ఏంది రాసుండాది?" అంది అవ్వ. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ వీధంతా నవ్విన చదువు నాది. తెలియదు అంటే చిన్నాయన నవ్వుతాడు, అవ్వ ఓడిపోతుంది. అందుకని ఆ మూడు మాటలకీ దారం కట్టాను. "అవ్వ బతికినన్నాళ్ళూ ఇల్లు అవ్వదే, ముందు రెండు గదులూ చిన్నాయన చూసుకుంటాడు, సున్నం అదీ కొట్టిస్తాడు అని ఉంది." సున్నం నా సొంత కల్పన. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధం చాలనట్టు దానికి అలంకారం కూడానా? చిన్నాయన నన్ను సరిదిద్దలేదు. "చూసినావా," అని తల్లితో అన్నాడు. అవ్వ వేలు వేసింది. నాకు బెల్లం ముక్క దొరికింది.

నెల తిరక్కుండా ముందు గదుల్లో ధాన్యం వ్యాపారి దిగాడు. అరుగు నిండా మూటలు. సున్నం ఎవరూ కొట్టించలేదు. అవ్వ అరిచింది, సిపాయి తాతని పట్టుకుని కచేరీకి వెళ్ళొచ్చింది. ఆ రెండు గదులూ అరుగూ చిన్నాయనకి రాసిచ్చినట్టే ఉందని తేలింది. అప్పుడామె పొడుం డబ్బీ తీసుకుని వెనక వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన చతికిలబడింది. అంజలై గంప వెనక సందులోకి పట్టదు, చేపలు రావడం మానేశాయి. వింత ఏమిటంటే అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. "పిల్ల సరిగ్గానే చదివింది. ఆ నాకొడుకే తరవాత కాగితం మార్చినాడు," అని ఊరంతా చెప్పింది. చిన్నాయన చేయని పాపం లేదు గానీ ఆ ఒక్కటీ చేయలేదు. నాలుగేళ్ళు ఆయన దాన్ని మోశాడు, నేను మోయనిచ్చాను.

ఇప్పుడు అర్థమవుతుంది కదా, ఆ ఎర్ర సిరా ప్రశ్న నన్నెక్కడ గుచ్చిందో. పైగా ఆ ఏడు పై తరగతికి ఒక ఉచిత సీటుంది. ముద్రతో ఉన్న వ్యాసాల్లోంచి ఒకటి ఎంచి, శనివారంలోగా మదాం పేరు పంపాలి. సీటు రాకపోతే నా చదువు అక్కడికి సరి. చిన్నాయన అప్పటికే ఒక సంబంధం చూసి ఉంచాడు. అబ్బాయి గుణం గురించి అడిగితే వాళ్ళకి రెండు ఎడ్లబండ్లున్నాయని చెప్పాడు.

రెండోసారి రాశాను: మా అవ్వ ముసలిది, చలికి ఓర్చుకోలేదు, అందుకే పొయ్యి దగ్గర కూర్చుని మాకు నీతులు చెబుతుంది. సాయంత్రం అమ్మ చింతపులుసు కాస్తుంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను. అవ్వ పొడుం పీల్చడం మధ్యలో ఆపింది. "ఎవురే ఈయమ్మ? యాడుంటాది?"

"నువ్వే అవ్వా."

"నాకు చలా? ఈ ఊర్లోనా?" పైట కొంగుతో మెడ తుడుచుకుంది. "నీతులు చెప్పే మొకమా నాది? పోవే. ఈయమ్మకి యాడన్నా వేలు ఉంటే ఏయించుకో పో."

మూడోసారి నిజాలు రాశాను. పొడుం, తిట్లు, గవ్వలు దాచడం, చేపతో పెళ్ళినాటి పరిచయం. వింటూ అవ్వ నవ్వి నవ్వి దగ్గింది. అమ్మ కూడా గరిటె ఆపింది. "ఆ తుపాకి కాడ ఆవలింత రాసినావా? సిపాయికి తెలిస్తే చస్తాడే," అంది. చివరికి వచ్చాను: చిన్నాయన కాగితం మార్చేశాడు, అందుకే అవ్వ అరుగు పోయి పొయ్యి దగ్గరికి వచ్చింది.

"ఇది నిజం," అంది అవ్వ. నవ్వు పోయింది. "తే, ఏస్తా. మల్లా జన్మలో కాగితానికి వేలు ఏయకూడదనుకున్నా. నువ్వు చదివినావు కాబట్టి ఏస్తా."

చెయ్యి చాచింది. వంకర బొటనవేలు, పొడుం అంటి గోధుమరంగు గోరు. కాగితం ఆమె ముందుకు జరిపితే చాలు. సీటు, పై తరగతి, ఎడ్లబండ్ల నుంచి విముక్తి. జరపలేకపోయాను. నేనేదో ధర్మదేవతనని కాదు. ఆ వేలు సరిగ్గా నాలుగేళ్ళ కిందటిలాగే, నా నోటి మాట మీద, అర్థం కాని ఫ్రెంచి వైపు వస్తోంది. "ఇంకా దిద్దాలి అవ్వా," అని కాగితం లాక్కుని పెరట్లోకి పరిగెత్తాను.

నాలుగోసారి మదాం ఇచ్చిన కాగితం మీదే రాశాను, పెద్దగా పట్టలేదు. ఆవలింత దాకా అంతా అలాగే ఉంచి చివర ఒక్కటీ మార్చాను, అలంకారం లేకుండా. ఆ కాగితంలో నాకు మూడే మాటలు తెలిశాయని, తెలియదని చెప్పలేకపోయానని, సున్నం కూడా నేనే కొట్టానని రాశాను. బుధవారం సాయంత్రం చదివి చెప్పాను. అవ్వ విని, డబ్బీ మూత పెట్టింది. "అంటే వాడు మార్చలేదా?"

"లేదవ్వా."

"నీకు తెలీదా ఆ పొద్దు?"

"తెలీదు."

తిట్టలేదు. అవ్వ తిట్టకపోవడం అంటే మా ఇంట్లో మిల్లు కూయకపోవడం. గురువారం అమ్మకి చెప్పింది, "దానికి అన్నం పెట్టు" అని, నేను ఎదురుగా ఉండగానే. శుక్రవారం పొద్దున బడికి పోదామని సంచీ తీస్తే కాగితం లేదు. అవ్వ కూడా లేదు. పొయ్యి పక్కన పీట ఖాళీగా ఉంది. కాగితాన్ని కాల్చేసిందనుకున్నాను. నిజానికి పొయ్యిలో బూడిద కదిపి చూశాను.

వీధిలోంచి సిపాయి తాత గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే అవ్వ అరుగు మీద ఉంది. నాలుగేళ్ళ తరవాత. రెండు ధాన్యం మూటల మధ్య ఇరుక్కుని కూర్చుంది. వ్యాపారి నిలబడి తల గోక్కుంటున్నాడు. సిపాయి తాత కళ్ళద్దాలు పెట్టుకుని, చుట్ట చెవి వెనక దోపుకుని, నా వ్యాసం ఒక్కో వాక్యం ఫ్రెంచిలో చదివి తెలుగులో చెబుతున్నాడు. షిఫ్టుకి పోయేవాళ్ళు నలుగురు ఆగారు. అటు పక్కింటి గుమ్మంలో వేపపుల్ల నోట్లో పెట్టుకుని చిన్నాయన నిలబడి ఉన్నాడు. తాత తన తుపాకీ, అవ్వ ఆవలింతా ఉన్న చోటికి వచ్చి ఆగాడు. "ఇది నేను చదవను," అన్నాడు.

"చదువు. అది నిజమే," అంది అవ్వ.

అంతా అయ్యాక అవ్వ చిన్నాయన వైపు తిరిగింది. "ఏందిరా. నువ్వు కాగితం మార్చలేదంట. నాలుగేండ్లు నిన్ను తిట్టినా కదా దానికి. ఆ తిట్లు వాపసు తీసుకుంటా."

చిన్నాయనకి ధైర్యం వచ్చింది. "చూసినావా అమ్మా, నేను చెప్తానే ఉన్నా. ఆ పిల్లే..."

"ఉండరా. పిల్ల తప్పు చదవతా ఉంటే నువ్వు పక్కనే ఉన్నావు. దానికి తెలీదు, నీకు తెలుసు. ఇప్పుడు దానికి తిడతా, అవి ఇంక వాపసు తీసుకోను." అని మొదలుపెట్టింది. మిల్లు రెండో కూతకి గానీ ఆపలేదు. షిఫ్టువాళ్ళకి ఆ పూట ఆలస్యమైంది, ఎవరూ బాధపడినట్టు కనిపించలేదు.

లోపలికి వచ్చి పొయ్యి మీద పులుసు గిన్నె అడుగున వేలు రాసి, కాగితం మీద నొక్కింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. "నువ్వు చెప్పిందీ, సిపాయి చెప్పిందీ ఒకటే ఉండాది. అందుకని ఏసినా. నీ మాట నమ్మి కాదు," అంది. మదాం ఆ ముద్ర చూసి, అంచునున్న తన ప్రశ్న మీద ఒక గీత కొట్టింది. ఆమె దిద్దింది అదొక్కటే. సీటు నాకు వచ్చింది. అరుగు అవ్వకి రాలేదు. సోమవారానికి వ్యాపారి మూటలు ఇంకా దగ్గరగా పేర్చాడు, అవ్వ పొయ్యి దగ్గరికే తిరిగి వచ్చింది. నిజం రాస్తే పోయినవి తిరిగొస్తాయని నా తరగతి పిల్లలకి నేనెప్పుడూ చెప్పను. చెబితే దానికెవరూ వేలిముద్ర వేయరు.

ఈ రోజుల్లో మా బడికి వచ్చే తనిఖీ అధికారికి వ్యాసం శుభ్రంగా ఉంటే చాలు. కొట్టివేతలుంటే ముక్కు చిట్లిస్తాడు. ఇళ్ళలో ఇప్పుడు అందరికీ సంతకాలొచ్చు, అందుకే చదవకుండా పెడతారు. రానివాళ్ళే జాగ్రత్తగా వినేవాళ్ళు. గుమాస్తా కూతురికి కాగితం నాలుగోసారి తిప్పి పంపాను, అంచున అదే మాట రాసి. పేకాట గురించి నేనేమీ అనలేదు. అది ఆ పిల్ల రాయాలి, ఆయన వినాలి. అన్నం మానేస్తే రెండు పూటలు మానేస్తుంది, ఆకలి నాకు తెలుసు.

ఆ బడి చదువు అయ్యాక నేను మద్రాసు కాలేజీకి వెళ్ళాను. నెలకో ఉత్తరం ఇంటికి రాసేదాన్ని. జవాబు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. అవ్వకి నా మీద కోపం తగ్గలేదని అనుకునేదాన్ని. ఆమె పోయాక సిపాయి తాత చెప్పాడు. ఉత్తరం రాగానే ఆయన చేత చదివించుకుని, ఏమీ చెప్పకుండా మడిచి, ఊరవతల తెలుగు చదవడం వచ్చిన ఇంకొక మనిషి దగ్గరికి పట్టుకుపోయి మళ్ళీ చదివించుకునేదట. రెండూ కలిసిన రోజునే ఇంటికొచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, "బాగుండాదంట పిల్ల" అని అమ్మకి చెప్పేదట.